బస్సు తిరిగే జాగ

ముందే చెప్పేస్తున్నాను, నేను పెంచి రాస్తాను. నా పక్క సీట్లోనే కూర్చుని వచ్చినవాళ్లు కూడా నా రాత చదివి ‘గీ ఊరికి మనం పోలే గదా’ అనుకుంటారు. పిల్లి కనబడితే చిరుత అంటాను. చినుకు పడితే వరద అంటాను. మా ఇంట్లో నేను చెప్పిన ఏ అంకెనైనా నాలుగుతో భాగించుకుని వింటారు. మా పిల్లలకు భాగహారాలు అంత బాగా వచ్చింది అందుకే. మీరూ అలాగే చదవండి, నాకేం కోపం లేదు. నా కోపం వేరే చోట ఉంది.

అయితే పెంచడం వేరు, అబద్ధం వేరు. ఇందులో శుద్ధ అబద్ధం ఒక్కటే ఉంది. అదేదో చివర నేనే చెబుతాను. అంతదాకా నమ్మండి.

కరీంనగర్ బస్టాండు

నాకు యాభై మూడేళ్లు. డాక్టరు నడవమన్నాడు. రెండేళ్లుగా మానేరు డ్యాం కట్ట మీద నడిచి నడిచి, అక్కడి కుక్కలకు నా పేరు, నా జీతం, నా షుగరు అన్నీ తెలిసిపోయాయి. ఇక గుట్టలెక్కుదామని ఫోన్లో వెతికాను. ప్రతివాడూ మొదటి వాక్యంలోనే పార్కింగు గురించి రాశాడు. గుట్ట ఎంత ఎత్తో లేదు, తాగే నీళ్లు ఎక్కడ దొరుకుతాయో లేదు, కారు ఎక్కడ పెట్టాలో మాత్రం బొమ్మ గీసి మరీ చూపించాడు. అంటే కారు లేనివాడికి గుట్ట లేదన్నమాట. నా అరికాలి మంట నెత్తికెక్కింది. అడవేమన్నా వీళ్ల ఇంటి పెండ్లి పందిరా, కార్లో వచ్చినవాళ్లకే పిలుపు ఉండటానికి? బస్సులో పోతాను, బస్సు ఆగిన చోటి నుంచి నడుస్తాను, మళ్లీ బస్సులోనే వస్తాను అని మా ఆవిడ ముందు శపథం చేశాను. ఆమె టిఫిన్ డబ్బా కడుగుతూ ‘చూద్దాం’ అంది.

తోడుగా మా బామ్మర్ది సత్తయ్య వచ్చాడు. సిరిసిల్లలో సాంచెలు నడుపుతాడు, అంటే మరమగ్గాలు. ముప్పై ఏళ్లు ఆ చప్పుడులో బతికిన మనిషి కాబట్టి చెవిలో రహస్యం చెప్పినా పక్క మండలానికి వినబడుతుంది. ఆ వారం పని లేక సాంచెలు బంద్ పెట్టారు, అందుకే దొరికాడు. సత్తయ్యకు ఒక ఊతపదం ఉంది. ‘జానే దో బావా.’ పోనియ్, వదిలెయ్ అని. కూలి తగ్గించారా, జానే దో. చెప్పు తెగిందా, జానే దో. మేం కిటికీలోంచి కర్చీపు వేసి ఆపుకున్న సీట్లో, ఆ కర్చీపు మీదే ఒకాయన కూర్చుని దాంతోనే ముఖం తుడుచుకుంటున్నా జానే దో. నాకు ఆ మాట వింటే కారం పూసినట్టుంటుంది. ఈ దేశం ఇట్లా తగలబడటానికి కారణం ఆ రెండు ముక్కలే అని ధర్మారం దాకా ఉపన్యాసం ఇచ్చాను. సత్తయ్య మధ్యలో నిద్రపోయాడు.

గోదావరి మీద

నా పక్కన కూర్చున్నాయన మస్కట్‌లో పద్నాలుగేళ్లు బస్సు తోలి సెలవు మీద వచ్చాడట. మా డ్రైవరు బ్రేకు వేసిన ప్రతిసారీ ఈయన కుడికాలు కూడా లేని బ్రేకును తొక్కింది. రాయపట్నం వచ్చేసరికి మా డ్రైవరు కన్నా ఈయనే ఎక్కువ అలసిపోయాడు. ‘గాడ బస్సు ఎన్కకు పోనే పోదు సార్. చుట్టు తిరిగే జాగ ముందుగాల్నే ఇడుస్తరు. ఎన్కకు తీసే పరేషానే లేదు’ అన్నాడు. అప్పుడు ఆ మాట నేను పట్టించుకోలేదు.

రాయపట్నం వంతెన మీద బస్సంతా నాణేల కోసం జేబులు వెతుక్కుంది. నదిలో రూపాయి వెయ్యడం మా అందరికీ అలవాటు. సత్తయ్య విసిరిన బిళ్ల కిటికీ చువ్వకు తగిలి తిరిగొచ్చి వాడి ఒళ్లోనే పడింది. ‘గోదారవ్వ వాపస్ ఇచ్చింది బావా. నా కత ఆమెకు గుడ ఎరికైనట్టుంది’ అన్నాడు. బస్సు బస్సంతా నవ్వింది. వాడు గుసగుసగా అన్నాడు మరి.

జన్నారం దాటాక రోడ్డుకు రెండు వైపులా టేకు చెట్లు దగ్గరకొచ్చాయి. జింకల మంద కనబడింది, నలభై ఉంటాయి. సత్తయ్య నా చెవిలో ‘బావా, జింకలు’ అన్నాడు. అంతే, ఆ నలభైలో ఒక్కటీ లేదు. భాగించుకునేవాళ్ల కోసం చెబుతున్నాను, ఉన్నవి పదే. కానీ పారిపోవడం మాత్రం నలభై పారిపోయినట్టే పారిపోయాయి.

ఉట్నూర్

లాడ్జి గది ఎంత చిన్నదంటే, సత్తయ్య ఒళ్లు విరుచుకుంటే నా చెయ్యి గోడకు తగిలేది. కానీ మెస్సులో పెట్టిన జొన్నరొట్టె, ఎల్లిగడ్డ కారం తిన్నాక గది మీద కోపం పోయింది. మా వైపు జొన్నరొట్టె షుగరు వచ్చినవాళ్లు మొహం ముడుచుకుని తినే తిండి. ఇక్కడ అది మామూలుగా మనుషులు తినే తిండి. ఇప్పపువ్వు లడ్డు కూడా కొన్నాను, కొబ్బరికాయంత ఉంది. ఎవరు ఎదురుపడ్డా ‘రాం రాం’ అంటారు. మా వీధిలో ఎదురుపడితే ‘ఏడికి?’ అంటారు. పలకరింపుకూ ఆరాకూ ఎంత తేడా ఉందో రెండో రోజుకు గాని నాకు అర్థం కాలేదు.

శనివారం పొద్దున్నే ఒక గుట్టకు దారి అడిగితే టీకొట్టు దగ్గర పెద్దాయన ‘గీడనే’ అని గడ్డం ఎత్తి చూపించాడు. కరీంనగర్‌లో గీడనే అంటే కిరాణా కొట్టు. ఉట్నూర్‌లో గీడనే అంటే వేరే జిల్లా. బస్సు దిగి మూడు గంటలు ఎక్కాం. దారిలో మేకలు కాసే ఆమెను ఎంత దూరమని అడిగితే ఆమె కూడా గీడనే అంది. కొసకు చేరి రొప్పుతూ చూస్తే ఏముంది? ఖాళీ మందు సీసాలు, కుర్‌కురే పాకెట్లు, ఒక బర్త్‌డే టోపీ. కారు ఎక్కలేని చోటికి కారువాడి సీసా ఎక్కింది. నేను పదిహేను నిమిషాలు తిట్టాను. సత్తయ్య సీసాలన్నీ ఏరి కండువాలో మూట కట్టాడు. ‘జానే దో బావా, కిందికి మోస్క పోదాం’ అన్నాడు. పని చేస్తూ కూడా ఆ మాట అనేవాణ్ని మొదటిసారి చూశాను.

మూడుమద్దిగూడ

నాలుగు గంటలకు ఉట్నూర్‌లో మూడుమద్దిగూడ బస్సెక్కాం. అది నైట్‌హాల్ట్ బస్సు. సాయంత్రం ఊరికి పోయి, రాత్రి అక్కడే పడుకుని, పొద్దున ఆరింటికి తిరిగి బయల్దేరుతుంది. ఊరి పక్క అడవిలో మద్దిలొద్ది అని ఒక జలపాతం ఉంది, మేం పోయేది దానికే. ముందు సీట్లో కూర్చున్న గోండు ఆమె వెనక్కి తిరిగి, ‘లొద్దికా దాదా? మరి కారేది?’ అని అడిగింది. నాకు మళ్లీ మండింది. ఆఖరికి ఈమెకు కూడా కారే కావాలా? బస్సులోనే వచ్చామంటే ఆశ్చర్యపోయి, ‘లొద్దికి బస్సుల వచ్చినోళ్లను మిమ్ములనే చూస్తున్న’ అంది. ఆమె పేరు సోంబాయి. చేతిలో మందుల సంచి ఉంది.

ఎక్స్‌రోడ్డు దగ్గర తారు రోడ్డు వదిలి, ఆరు కిలోమీటర్లు అడవి దారిన పోతే ఊరు. ఊరి మొదట్లో బస్సు ఆగిపోయింది, ఇంజను మాత్రం ఆడుతూనే ఉంది. డ్రైవరు ఖాజాభాయ్ స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అద్దంలోకి చూస్తూ కూర్చున్నాడు. ఎవరి కోసం అని అడగబోతుంటే, బడి వైపు నుంచి సన్నగా, చీపురు పుల్లలాంటి మనిషి మెల్లగా నడిచొచ్చి బస్సు వెనక నిలబడ్డాడు. కండువా ఎత్తి ఊపాడు.

‘ఆనే దో... ఆనే దో...’

రానియ్, రానియ్ అని. బస్సు వెనక్కి కదిలింది. ఒక పక్క గుట్ట, ఇంకో పక్క నిలువునా ఒర్రె, అంటే లోతైన వాగు. మధ్యలో మూడు మద్దిచెట్లు, ఆ చెట్ల ముందు అరవై అడుగుల చదును. బస్సు మూడో చెట్టు దాకా వెనక్కి పోయి స్టీరింగు కొయ్యాలి. ఒక్క మూర ముందే కోస్తే తిరగదు, మూర దాటితే ఒర్రెలో ఉంటుంది. చక్రం చెట్టు వేరుకు తగలబోయే క్షణంలో ఆయన బస్సు వీపు మీద చరిచి ‘బస్’ అన్నాడు. ఇక చాలు అని. బస్సును ఆపే మాట కూడా బస్సే అని ఆ రోజు గమనించాను. నేను లోపల కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి బస్సు ఉట్నూర్ వైపు ముఖం పెట్టుకుని ఉంది.

ఆయన సోంబాయి భర్త, భీంరావు. ఆ రోజు డ్రైవరుకూ కండక్టరుకూ అన్నం పెట్టే వంతు వాళ్లింటిదే. నైట్‌హాల్ట్ బస్సు వాళ్లకు ఊరంతా వంతులవారీగా పెడుతుందట. సోంబాయి మమ్మల్ని కూడా రమ్మంది. గుమ్మంలో కాళ్లకు నీళ్లిచ్చింది. మా ఇంటికి చుట్టం వస్తే ముందు వైఫై నంబరు అడుగుతాడు.

జొన్నరవ్వ ఉడికించిన గటక, పప్పు, పచ్చిపులుసు. భీంరావు మాత్రం రెండు గుక్కల నీళ్లు కొలుచుకుని తాగాడు. ఆయన కిడ్నీలు పాడయ్యాయి. సోమ, బుధ, శుక్రవారాలు ఉట్నూర్ దవాఖానలో మిషన్ మీద పడుకోవాలి. ఆరింటి బస్సు పట్టుకుంటేనే మిషన్ వేళకు అందుతాడు.

‘రక్తం తీస్కపోయి కడిగి మల్ల ఎక్కిస్తరు దాదా. నాలుగు గంటలు. చీరె ఉతికినట్టు’ అన్నాడు.

‘ఉతికితే రంగు వోతదే. నీది పోలే?’ అన్నాడు సత్తయ్య, నేతగాడి అనుమానంతో.

‘ఏడుండె పోనీకి’ అని తన నల్లటి ముంజేయి చూసుకుని నవ్వాడు భీంరావు.

ఆ చదును ఎట్లా వచ్చిందో కూడా చెప్పాడు. వెనకట బస్సు కావాలని అడిగితే, తిరిగే జాగ చూపించండి, వేస్తామన్నారట. ఊరు మొత్తం రెండు నెలలు గుట్టను తవ్వింది. అప్పటి నుంచి బస్సు వెనక నిలబడేది ఈయనే. ఒర్రె అంచు ఎక్కడుందో చీకట్లో కూడా ఆయన కాళ్లకు తెలుసు.

ఖాజాభాయ్ అన్నం ముందు తల వంచుకుని కూర్చున్నాడు. వానకాలం మొదలైనప్పటి నుంచి ఆదివారాలు లొద్దికి వచ్చేవాళ్లు కార్లన్నీ తెచ్చి ఆ చదునులోనే పెడుతున్నారట. ‘మూడు ఐతారాలు ఎక్స్‌రోడ్డు కాడికెల్లే వాపస్ వోయిన సార్. రేపు గుడ తిరుగనీకి జాగ లేకుంటే, ఇగ సర్వీసు ఎక్స్‌రోడ్డు దాకనే అని రాసిస్తమన్నరు డిపోల’ అన్నాడు.

జాగ ఉందని రాసెయ్యొచ్చు కదా అన్నాను నేను, అలవాటు కొద్దీ.

‘రాస్త సార్. కాయితం తిరుగుతది. బస్సు ఏడ తిరుగుతది, గాలిల్నా?’

ఆదివారం సాయంత్రం బస్సు లోపలికి రాకపోతే, సోమవారం పొద్దున ఆ ఊరి నుంచి బస్సు లేదు. నాలుగో ఆదివారం కూడా రాకపోతే ఇక ఎప్పటికీ లేదు. సోంబాయి గిన్నెలు తీస్తూ, ‘రేపు మీరు గీడనే ఉంటరు గద సార్. సదువుకున్నోళ్లు. జర గా కార్లోళ్లకు చెప్పుండ్రి. మేం చెప్తె ఇనరు’ అంది. నేను ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని ‘ఫికర్ చెయ్యకు, నేను చూసుకుంటా’ అన్నాను.

మద్దిలొద్ది

ఆదివారం లొద్దికి నడిచాం. ఊరి వెనక నుంచి అయిదు కిలోమీటర్ల కాలిబాట. సగం దారిలో వాన మొదలైంది. టేకాకుల మీద ఆ వాన పడుతుంటే సత్తయ్య ఆగిపోయాడు. ‘సాంచెలు నడిచినట్టే ఉన్నది బావా’ అన్నాడు. చాలాసేపు తల పైకెత్తి విన్నాడు. నా జన్మలో వాడు మెల్లగా మాట్లాడటం విన్నది అప్పుడే.

తర్వాత ఒర్రె దాటుతుంటే నా కొత్త బూటు అడుగు ఊడి నీళ్లలో కొట్టుకుపోయింది. కొండలెక్కడానికే చేశామని డబ్బా మీద రాసి ఉంది. డబ్బా మాత్రం గట్టిది. సత్తయ్య జేబులోంచి దారం తీసి, మగ్గం మీద పోగు తెగితే వేసే ముడి వేసి, బూటును నా పాదానికి కుట్టినంత పని చేశాడు. ఆ ముడితోనే మిగతా దారంతా కుంటాను.

లొద్ది బాగుంది. రాతి గోడ మీది నుంచి నీళ్లు తెల్లగా, ఒత్తుగా దూకుతున్నాయి. రెండు నిమిషాలు నాకు ఎవరి మీదా కోపం రాలేదు. మూడో నిమిషంలో, మంచమంత స్పీకరు పెట్టి ఒక గుంపు పాట మొదలెట్టింది. నీళ్ల చప్పుడు వినబడటం లేదని వాళ్లే ఫిర్యాదు చేసుకుంటున్నారు. ఒకమ్మాయి వచ్చి ‘అంకుల్, రీలు తీస్తున్నాం, కొంచెం జరుగుతారా, ఫ్రేములోకి వస్తున్నారు’ అంది. రెండు బస్సులు మారి, అయిదు కిలోమీటర్లు నడిచీ కుంటీ వస్తే, అడవిలో కూడా నేనే అడ్డమయ్యాను. జరిగాను. పళ్లు నూరుతూ జరిగాను. అరిగిపోయిన పళ్లు రెండు ఇప్పటికీ చూపించగలను.

ఆదివారం సాయంత్రం

నాలుగున్నరకు ఊళ్లోకి వచ్చేసరికి చదునులో నలభై కార్లున్నాయి. మూడో మద్దిచెట్టు కింద, బస్సు వీపు ఆనే చోట, తెల్లటి పెద్ద కారు. నంబరు చూస్తే మన కరీంనగర్ బండే. దాని వెనక డోరు ఎత్తి, బొగ్గుల పొయ్యి పెట్టి, నల్లద్దాలాయన ఒకడు కోడి ముక్కలు కాలుస్తున్నాడు. భీంరావు కండువా భుజాన వేసుకుని చెట్టు పక్కనే నిలబడి ఉన్నాడు. వచ్చిన కారును చూస్తాడు, చదునును చూస్తాడు, దారి వైపు చూస్తాడు. సోంబాయి నా వైపు చూసింది.

అప్పుడు నాలోని యాభై మూడేళ్ల కోపం ఒక్కసారి లేచింది. మాటలతో చెబితే వినే మనుషులు కారు వీళ్లు. సత్తయ్య చెవిలో ఒక్క మాట చెప్పాను. వాడు బడి అరుగెక్కి, ముప్పై ఏళ్ల సాంచెల చప్పుడును గొంతులోకి తెచ్చుకుని అరిచాడు.

‘పులీ...’

మద్దిచెట్ల మీది పక్షులన్నీ లేచాయి. నేను వెంటనే అందుకున్నాను. లొద్ది దారిలో చూశామన్నాను. పొడవు పన్నెండడుగులన్నాను. ఒర్రె దాటి ఇటే వస్తోందన్నాను. కాగజ్‌నగర్ వైపు నుంచి మూడు రోజులుగా అన్నం తినకుండా నడిచొస్తోందన్నాను. ఇన్నేళ్లు పెంచి పెంచి రాసిన నా చదువంతా ఆ అయిదు నిమిషాల్లో వాడేశాను. స్పీకరు ఆగిపోయింది. రీలు తీసే అమ్మాయి చెప్పులు వదిలి పరుగెత్తింది. నల్లద్దాలాయన కోడిని పొయ్యి మీదే వదిలేసి కారెక్కాడు. నలభై కార్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ పది నిమిషాల్లో ఎక్స్‌రోడ్డు దాటాయి.

అయిదున్నరకు బస్సు వచ్చింది. ఇంజను ఆడుతూ నిలబడింది. భీంరావు వెనక్కి నడిచాడు, కండువా ఎత్తాడు. ఆనే దో, ఆనే దో. మూడో చెట్టు దాకా. బస్. ఊరంతా కేక పెట్టింది. ఖాజాభాయ్ దిగి నన్ను కావలించుకున్నాడు. సోంబాయి ఆ పొయ్యి మీది కోడి ముక్కలు మాకే వడ్డించింది. సోమవారం ఆరింటికి అదే బస్సులో భీంరావు పక్కన కూర్చుని ఉట్నూర్ వచ్చాను. ఆయన దవాఖానలోకి నడిచిపోవడం చూసి, కరీంనగర్ బస్సెక్కి, శపథం నిలబెట్టుకుని ఇంటికొచ్చాను.

అబద్ధం

లడ్డు నిమ్మకాయంతే. కార్లు పది. జలపాతం నేను రాసినదానికన్నా బాగుంది. ఇవన్నీ పెంచడం, తగ్గించడం. అబద్ధం ఏదంటే, సత్తయ్య అరుగు ఎక్కిన దగ్గర నుంచి నేను ఇంటికి చేరేదాకా రాసినదంతా.

సోంబాయి నా వైపు చూసినమాట నిజం. నేను తెల్ల కారు దగ్గరికి నడిచినమాట నిజం. నల్లద్దాలాయన అద్దాలు తీసి ‘అరె, సార్, మీరు గీడ?’ అన్నాడు. మా కాలనీ మనిషే. రోజూ డ్యాం కట్ట మీద నాకు నమస్తే పెట్టే మనిషి. నాకు కుర్చీ వేశాడు. కాగితం ప్లేటులో కోడి ముక్కలు పెట్టాడు. ఊడిన నా బూటు చూసి అయ్యో అన్నాడు. బస్సు తిరగాలి, కారు కొంచెం తీస్తారా అని అడిగాను. అడిగాను, అది కూడా నిజమే. ప్లేటు చేతిలో పట్టుకుని అడిగాను. ఆయన చుట్టూ చూసి, ‘నేనొక్కణ్ని తీస్తె ఏమైతది సార్, గిన్ని బండ్లున్నయి. జర వానగుడ తగ్గనియ్యండ్రి’ అన్నాడు.

సత్తయ్య నా వెనకే ఉన్నాడు. ‘బావా, నేను ఒర్రన్నా? అందరు జరుగుతరు’ అన్నాడు. వాడు గట్టిగా ఒక్క కేక వేస్తే చాలు, పులి కూడా అక్కర్లేదు. బస్సొస్తుంది జరగండి అంటే లొద్ది దగ్గరున్నవాళ్లు కూడా వచ్చి తీసేవాళ్లేమో. నేను ఆ కాలనీ మనిషి ముఖం చూశాను. రేపు మళ్లీ కట్ట మీద ఎదురుపడే ముఖం. సత్తయ్య చెయ్యి పట్టుకుని నేను అన్న మాట ఇది.

‘జానే దో.’

అయిదున్నరకు దూరంగా ఎక్స్‌రోడ్డు వైపు నుంచి హారను మూడుసార్లు వినబడింది. తర్వాత వినబడలేదు. భీంరావు కండువా తీసి తలకు చుట్టుకుని ఇంటికి పోయాడు. ఆరింటికి నేను ఆ తెల్ల కారు ముందు సీట్లో కూర్చుని కరీంనగర్ బయల్దేరాను. ఏసీ బాగుంది. సీటు వెనక్కి వాలుతుంది. దారి పొడవునా ఆయన పార్కింగు లేదని తిట్టాడు, నేను ఊఁ కొట్టాను. సత్తయ్య కారెక్కలేదు. ఆ ఊళ్లోనే ఉండిపోయాడు.

ఇంటికి వచ్చాక పదిహేను రోజులు వాడు నాతో మాట్లాడలేదు. తర్వాత ఒకసారి వచ్చి, వంటింట్లో వాళ్ల అక్కతో, ఎవరికీ వినబడకుండా చెప్పాడు. అంటే వీధంతా విన్నది. సోమవారం తెల్లవారుజామున భీంరావును ఊరివాడొకడి మోటర్‌సైకిల్ మీద మధ్యలో కూర్చోబెట్టుకుని, వెనక నుంచి తనే పట్టుకుని ఎక్స్‌రోడ్డు దాకా తెచ్చాడట. ఇప్పుడు బస్సు అక్కడి దాకే. వారానికి మూడుసార్లు ఆ ఆరు కిలోమీటర్లు, ఎవరి బండి దొరికితే ఆ బండి మీద. ఎక్స్‌రోడ్డు దగ్గర ఏనుగు పడుకున్నా పక్క నుంచి లారీ తిప్పేంత జాగ ఉంది. ఖాజాభాయ్ ఒంటి చేత్తో తిప్పగలడు. అయినా ఆ సోమవారం పొద్దున ఇంజను ఆడిస్తూ, అద్దంలోకి చూస్తూ కూర్చునే ఉన్నాడట. భీంరావు మోటర్‌సైకిల్ దిగి, ఒక చెయ్యి బస్సుకు ఆనించుకుంటూ వెనక్కి నడిచి, కండువా ఎత్తి, ‘ఆనే దో... ఆనే దో...’ అని, తగలడానికి వెనక ఏమీ లేని చోట బస్సు వీపు మీద చరిచి, ‘బస్’ అన్నాడట. ఆ తర్వాతే ఎక్కి కూర్చున్నాడట.

ఆ ‘బస్’ అనేటప్పుడు మాత్రం సత్తయ్య గొంతు నాకు సరిగా వినబడలేదు. ఈ ఒక్కటీ దేనితోనూ భాగించుకోకండి.